రాచివేసిన ముద్రలు

శిలల మీదను, రాగిరేకుల మీదను చెక్కిన అక్షరములను చరిత్రకారులు శ్రద్ధతో చదువుదురు. ఇనుము మీద చెక్కిన అక్షరములను చదువువారు అరుదు. ఇనుము తుప్పు పట్టునది, ఆయుధము హింసకు సాధనము, దాని మీద చదువదగినది ఏమియు ఉండదని విద్యావంతులు తలంచుట వాడుక. ఈ తలంపు సరియైనది కాదు. శాసనము రాజాజ్ఞ చేత వ్రాయబడును. అందు ప్రశస్తి యుండును, అతిశయోక్తి యుండును. ఆయుధము మీది గుర్తు పొగడ్త కొరకు వేసినది కాదు. లెక్క కొరకు, పరీక్ష కొరకు వేసినది. అందుచేత ఒక్కొక్కప్పుడు శాసనము చెప్పని సత్యమును తుపాకి చెప్పును. ఆ గుర్తును ఎవరైన దాచినను, రాచినను, ఆ దాపరికమే మరియొక సాక్ష్యమగును.

జర్మనుల ‘కారబీనర్ 98 కె’ అను రైఫిలు ఇందుకు తగిన ఉదాహరణము. 1898లో స్వీకరించిన మౌజర్ తుపాకినే కురుచచేసి, 1935లో జర్మను సైన్యము దీనిని తన ముఖ్యాయుధముగా గ్రహించెను. దీని కాలిబరు 7.92 మిల్లీమీటర్లు, ఒకసారి నింపినచో ఐదు తూటాలు పట్టును. 1945లో యుద్ధము ముగియునాటికి ఇట్టివి కోటికి పైగా తయారయ్యెను. ఓడిన సైన్యము విడిచిన తుపాకులు గెలిచినవారి పాలయ్యెను. వారు వాటిని విప్పి, తుడిచి, మరల కూర్చి, తమ ముద్రలు వేసికొని తమ సైనికుల చేతికిచ్చిరి. అవసరము తీరిన పిమ్మట మిగులు సామగ్రిగా అమ్మివేసిరి. నేడు పాశ్చాత్యదేశములలో సేకర్తల యొద్ద కనిపించు తుపాకులలో ఇట్లు చేతులు మారినవి పెక్కు కలవు. వాటి మీది ముద్రలను ఎట్లు చదువవలెను, ఎట్లు కాపాడవలెను అనునదే ఇచటి ప్రశ్న.

మొదట జర్మనులు వేసిన ముద్రలను చూడవలెను. గొట్టము వెనుక తూటా చేరు ఉక్కు అర యొకటి యుండును. దాని పైభాగమున చేసినవారి గుర్తును, చేసిన సంవత్సరమును ఉండవలెను. కాని 1934లో చేసిన వాటి మీద ‘ఎస్/42’ అను గుర్తును, ‘కె’ అను ఒంటి అక్షరమును మాత్రము కలవు. 42 అనగా ఓబెర్న్‌డోర్ఫ్ పట్టణములోని మౌజర్ కర్మాగారము. ‘కె’ అనగా 1934. మరుసటి యేటికి ‘జి’ అను అక్షరము. ఈ మరుగు దేనికి? 1919 నాటి వెర్సేల్స్ సంధి జర్మను సైన్యమును లక్షమందికి పరిమితము చేసి, ఆయుధముల తయారీకి హద్దులు పెట్టెను. చేసినవారి పేరు, చేసిన యేడు తేటతెల్లముగా చెక్కినచో సంధిని మీరినట్లు తమ చేతితో తామే వ్రాసి యిచ్చినట్లగును. 1935 మార్చిలో హిట్లరు నిర్బంధ సైనికసేవను బాహాటముగా ప్రకటించెను; ఆ మరుసటి యేటినుండి తుపాకుల మీద సంవత్సరము నాలుగంకెలలో కనిపించును. భయము తీరినదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా? దౌత్యపత్రములు చదువని విద్యార్థికిని ఆ నాలుగంకెలు ఈ సంగతి చెప్పగలవు.

సంవత్సరము బయటపడినను చేసినవారి పేరు మాత్రము బయటపడలేదు. యుద్ధకాలమున అంకెల స్థానమున అక్షరములు వచ్చెను. ఓబెర్న్‌డోర్ఫ్‌కు బి.వై.ఎఫ్., ఆస్ట్రియాలోని ష్టైయర్‌కు బి.ఎన్.జడ్., ఆక్రమిత చెక్ దేశములోని బ్ర్నోకు డి.ఓ.టి., వైమార్‌లోని గుస్ట్‌లోఫ్ కర్మాగారమునకు బి.సి.డి. వీనికి తోడు సైన్యపు ఆయుధశాఖ పరీక్షకులు ఒక్కొక్క భాగము మీదను చిన్న గ్రద్దబొమ్మను, తమ సంఖ్యను పొడిచిరి. 1941 తరువాత ఓబెర్న్‌డోర్ఫ్‌లో ఆ సంఖ్య 135, బ్ర్నోలో 63. ఇవి కాక క్రమసంఖ్య గలదు. అది నాలుగంకెలకు మించదు. పదివేలు కాగానే ఒక అక్షరము చేరును. సంవత్సరము మారగానే లెక్క మరల మొదలగును. గొట్టము, బోల్టు, మడమ మొదలగు పెద్ద భాగముల మీద ఈ సంఖ్యయు, చిన్న భాగముల మీద దాని చివరి రెండంకెలును ఉండును. కర్మాగారము విడిచిన దినమున ఒక తుపాకి యందలి భాగములన్నియు ఒకే ఇంటిపేరు గలవి.

యుద్ధానంతరము ఆ కుటుంబము చెదరెను. సోవియట్ ఆయుధాగారములలో పట్టుబడిన తుపాకులను రాశులుగా విప్పి, శుభ్రపరచి, నల్లని పూత పూసి, చేతికందిన భాగమును చేతికందిన దానికి కూర్చిరి. ఒకదాని బోల్టు వేరొకదానికి వచ్చెను. పాత సంఖ్యను కొట్టివేసి, విద్యుత్కలముతో కొత్త సంఖ్య గీసిరి. కఱ్ఱకు లక్కపూత పూసిరి. పట్టుబడినదనుటకు గుర్తుగా పెక్కింటి మీద ఇంటూ గుర్తు వేసిరి. నార్వేలో ఆక్రమణసేనలు విడిచిన తుపాకులను ఆ దేశపు సైన్యము గ్రహించి, ‘హేర్’ అనగా సైన్యము అను మాటను వాని మీద పొడిచెను. 1950 తరువాతి సంవత్సరములలో కొన్నింటిని అమెరికా వారి 7.62 తూటాకు మార్చెను. యుగోస్లావియాలో ఉక్కు అర పైభాగమును రాచివేసి, దివిటీలును నక్షత్రమును గల రాజ్యచిహ్నమును వేసిరి. ఆ చిహ్నములో 1943 నవంబరు 29 అను తేది గలదు. యైత్సె పట్టణమున స్వతంత్రసమరయోధుల సభ కొత్త రాజ్యమునకు పునాది వేసిన దినమది. దివిటీలు ఐదైనచో ఆ చిహ్నము 1963కు పూర్వపుది. ఆ యేట వాని సంఖ్య ఆరయ్యెను. ప్రక్కన సిరిలిక్ లిపిలో ‘ప్రెదుజెచె 44’ అని యుండును; ‘సంస్థ 44’ అని అర్థము.

అన్నిటికంటె విచిత్రమైనది ఇశ్రాయేలు కథ. 1948లో పుట్టుచున్న ఆ రాజ్యమునకు చెకొస్లొవాకియా ఈ తుపాకులను అమ్మెను. యూదుజాతిని నిర్మూలింపబూనిన సైన్యపు తుపాకి ఆ జాతివారి భుజమునకే ఎక్కెను. గ్రద్ద క్రింది నాజీ స్వస్తికమును కొన్నింటి మీద కొట్టివేసిరి. కొన్నింటి మీద అది అట్లే నిలిచి, ప్రక్కనే దావీదు నక్షత్రము వెలసెను. భారతీయుల గడపలపై శుభచిహ్నమైన ఆకృతి ఐరోపాలో ఎట్టి అపవిత్రతను పొందెనో, ఆ దెబ్బతిన్న చిన్న ముద్ర ఒక్కటి చాలును చెప్పుటకు. తరువాత ఆ తుపాకులనే 7.62 తూటాకు మార్చి, ఆ సంఖ్యను కఱ్ఱ మీద పెద్ద అంకెలతో కాల్చి వేసిరి.

ఇట్టి తుపాకుల విషయమున నేడు రెండు పెడత్రోవలు కనిపించుచున్నవి. మొదటిది వర్తకపుది. సంఖ్యలన్నియు కలిసిన తుపాకికి విపణిలో గొప్ప వెల. భాగములు కలగలిసిన తుపాకికి చిన్న వెల. అందుచేత కొందరు తరువాతివారి ముద్రలను ఆకురాయితో రాచివేసి, జర్మను ముద్రలను కొత్తగా పొడిచి, సంఖ్యలను సరిపెట్టి అమ్ముచున్నారు. ఇది మోసమని ఎల్లరు అంగీకరింతురు. కొనువాని ధనము పోవుట ఇందు చిన్న నష్టము. నాజీ రాజ్యము ఓడిపోలేదన్నట్లు, 1945 రానేలేదన్నట్లు ఒక వస్తువు చేత అబద్ధము చెప్పించుట పెద్ద నష్టము. లక్కపూతయు, కొట్టివేసిన సంఖ్యయు, దివిటీల చిహ్నమును ఆ తుపాకికి కళంకములు కావు. ఓటమికి అవియే రసీదులు. కర్మాగారము నుండి వచ్చినది వచ్చినట్లున్న తుపాకి తన పుట్టుకను మాత్రమే చెప్పును. కలగలిసిన తుపాకి తన యజమాని పతనమును గూడ చెప్పును. విద్యార్థికి రెండవదే విలువైనది.

రెండవ పెడత్రోవ సదుద్దేశముతో కూడినది. దుర్మార్గుల చిహ్నము కంటబడరాదు, దానిని ఎచ్చట కనిపించిన అచ్చట రాచివేయవలెను అని కొందరందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఆ చిహ్నమును చూచి మురియువారు నేటికిని లేకపోలేదు. ఆ గుర్తున్నదనియే తుపాకికి ఎక్కువ వెల యిచ్చువారును కలరు. ఐనను ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. యుగోస్లావియా పనివాడు ఆ గ్రద్దను రాచినపుడు, ఇశ్రాయేలు పనివాడు ఆ స్వస్తికమును కొట్టినపుడు, బాధపడిన చేయి తన బాధను ఆ యినుము మీద వ్రాసినది. ఆ రాపిడి యొక వాక్యము. దాని క్రింద సంతకము గలదు. నేడు గదిలో కూర్చుండి యంత్రముతో నునుపుచేయు చేయి ఏ వాక్యమును వ్రాయదు. ఉన్న వాక్యములను చెరుపును. చిహ్నమును ఆరాధించువానికి మందు చరిత్రను చెప్పుటయే. చెప్పుటకు సాక్ష్యము కావలెను.

సాక్ష్యము మాట వచ్చినది గనుక, ఏ ముద్రయు చెప్పని సంగతి నొకదానిని తలంపక తప్పదు. బి.సి.డి. అను మూడక్షరములు వైమార్ గుస్ట్‌లోఫ్ కర్మాగారమునకు గుర్తు. వైమార్ అనగానే సాహిత్యవిద్యార్థికి గేటే, షిల్లర్ మహాకవులు స్ఫురింతురు. ఆ నగరమునకు చేరువనున్న ఎట్టెర్స్‌బెర్గ్ కొండ మీదనే 1937లో బూకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమును నిర్మించిరి. శిబిరమును ఆనుకొని 1943లో గుస్ట్‌లోఫ్ ఆయుధకర్మాగారము పనికి దిగెను. అందు పనిచేసినవారు ఖైదీలు. ఆ సంస్థ మూలధనము సైతము పాపపుదే. సూల్ పట్టణమున సిమ్సన్ అను యూదు కుటుంబము నుండి లాగుకొన్న కర్మాగారము దానికి పునాది. శిబిరములో ఒక ముసలి ఓక్ వృక్షముండెను. ఖైదీలు దానిని గేటే వృక్షమని పిలిచిరి. 1944 ఆగస్టు 24న అమెరికా విమానములు ఆ కర్మాగారముపై బాంబులు వేసినపుడు ఖైదీలు పెక్కుమంది మరణించిరి. ఆ వృక్షమును కాలిపోయెను. ఆస్ట్రియాలో మౌట్‌హౌజెన్‌కు అనుబంధమైన గూజెన్ శిబిరములోను ఖైదీల చేత ష్టైయర్ సంస్థకు రైఫిలు భాగములు చేయించిరి.

ఇంత వ్యథకు ఇనుము మీద గుర్తు లేదు. పరీక్షకుని సంఖ్య గలదు. పనివాని పేరు లేదు. స్క్రూ మీద గూడ రెండంకెలు పొడిచిన రాజ్యము, దానిని చేసిన మనుష్యునికి శిబిరపు సంఖ్య నిచ్చి పేరును హరించెను. కావున ముద్రలను చదువుట వ్రాసినదానిని కూడబలుకుటతో ముగియదు. ఈ గుర్తు ఎవరి పేరును మరుగుపరచుచున్నదని అడుగవలెను. అడుగుటకైన మూడక్షరములు మిగిలియుండవలెను గదా! వాటిని రాచివేసినచో ఆ ప్రశ్నకు ఆధారమే పోవును.

తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుడు ఈ ధర్మమును ఎరుగును. లేఖకుడు కొట్టివేసిన మాటను, మరియొకరు అంచున వ్రాసిన సవరణను, పురుగు తిన్న చోటును అతడు ఉన్నదున్నట్లు చూపును. తనకు నచ్చిన పాఠమును పైన నిలిపినను, తక్కిన పాఠములను క్రింద ఇచ్చును గాని ఆకును కడిగివేయడు. చరిత్రవస్తువు ఏదైనను ఈ మర్యాదకు అర్హమే. అది కావ్యమైనను, కారబీనర్ ఐనను.

విచారించినచో పైన ముద్ర వేసినవారును శాశ్వతులు కారైరి. సోవియట్ రాజ్యము 1991లో అంతరించెను. యుగోస్లావియా అదే యేట చీలనారంభించెను. ఆ తుపాకులను అమ్మిన చెకొస్లొవాకియా 1993లో రెండు దేశములయ్యెను. గ్రద్దను రాచి వేసిన దివిటీల చిహ్నము సైతము నేడు ఏ రాజ్యమునకును చెందదు. రేపు మరియొకరు వచ్చి దానిని గూడ రాచి శుద్ధిచేయుదుమనిన, ఆ తుపాకి యొద్ద నునుపైన ఇనుము తప్ప మరేమియు మిగులదు. తరగతిలో చరిత్రను బోధించు ఉపాధ్యాయులు తేదీలతో పాటు ఈ సంగతిని గూడ పిల్లలకు చెప్పుట మంచిది. పాత వస్తువు చేతికి వచ్చినపుడు ముందుగా గుడ్డ తీసికొని తోముటకు పూనుకొనరాదు. వెలుతురులో పెట్టి, ఎచ్చట ఏ గుర్తున్నదో, ఎచ్చట ఏ గుర్తు పోయినదో కాగితము మీద వ్రాసికొనవలెను.