విజ్ఞాన వీచిక: ఎముకకూ నార ఉంది



పోయిన ఏడాది మా తమ్ముడి కొడుకు మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక కొంత నుజ్జయింది. డాక్టర్లు తుంటి దగ్గర కొంచెం ఎముక తీసి ఆ ఖాళీలో పెట్టారు. కాలు కుదిరింది గానీ, చూడబోయినప్పుడల్లా వాడిది ఒకటే మాట: “పెద్దబాపూ, ఇరిగిన కాడి కంటే తీసిన కాడనే నొప్పి ఎక్కువున్నది.” ఎముకను బయటే తయారు చేసుకోలేమా అన్న ఆలోచన అప్పుడే నన్ను పట్టుకుంది.

ఎముకంటే రాయి లాంటిదని అనుకుంటాం. మా సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు తవ్వి తీసిన రాక్షసబల్లి ఎముకలు నిజంగా రాళ్ళే. 1975లో ఆ జంతువుకు బారాపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. బతికున్న ఎముక సంగతి వేరు. అందులో కొల్లాజెన్ అనే నార ఉంటుంది. దానికి కాల్షియం, ఫాస్ఫేటుల ఖనిజం పట్టి ఉంటుంది. ఖనిజం గట్టితనాన్నిస్తే, నార పెళుసుగా విరగకుండా కాపాడుతుంది.

అందుకే శాస్త్రజ్ఞులు నారతో మొదలుపెట్టారు. జాతరలో పీచుమిఠాయి చూశారు కదా! ఇంచుమించు అలాగే, కాకపోతే తిప్పడానికి బదులు విద్యుత్తు లాగుతుంది. శరీరంలో మెల్లగా కరిగిపోయే పదార్థపు ద్రావణాన్ని సిరంజిలో పోసి, సూదికి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది మొన నుంచి పోగు సాగి, గాలిలోనే ఆరి, ఎదుటి లోహపు పలక మీద గుడ్డలా పరుచుకుంటుంది. ఆ పోగు మన వెంట్రుకలో వందో వంతు కంటే సన్నం. దానిలో ఖనిజాన్ని ముందే కలుపుతారు, లేదా రక్తంలోని లవణాలను పోలిన ద్రవంలో నానబెట్టి పట్టిస్తారు.

ఈ విద్యలో పేరున్నవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో ఆచార్యులైన సీరం రామకృష్ణ గారు ఒకరు. ఆయన బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, ఉత్త కొల్లాజెన్ పోగుల మీద కంటే ఖనిజం కలిపిన పోగుల మీద ఎముక కణాలు ఎక్కువ ఖనిజాన్ని కూర్చుకున్నాయి. అంటే మనం కట్టేది ఎముకను కాదు, పందిరిని. తీగలా అల్లుకోవలసింది మన కణాలే.

అయితే ఈ పందిరి ఒంటి బరువు మొయ్యలేదు. దట్టమైన అల్లికలోకి కణాలు, రక్తనాళాలు లోతుగా పోవడమూ కష్టమే. అందువల్ల తుంటి ఎముక తీసే అవసరం ఇంకా తప్పలేదు.

ఇదంతా మావాడికి చెబితే, “నేను మళ్ళ పడేటప్పటికి తయారైతదా పెద్దబాపూ?” అన్నాడు.

“ముందు నువ్వు బండి మెల్లగా నడుపు బిడ్డా!” అన్నాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.