కార్పెట్ వేయడమంటే చాప పరవడం కాదు

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో కార్పెట్ పాతబడిందంటే చాలు, ఒక సలహా సిద్ధంగా ఉంటుంది: "దానికి మనిషెందుకు? వీడియో చూసి శని, ఆదివారాల్లో మనమే వేసేసుకోవచ్చు." డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం తప్పని నేననను. చేతిపనిని అసలు విద్యగానే లెక్కపెట్టని ఆ ధోరణి మీదే నా కోపం.

పాతది పీకడం వేరు. చేతొడుగులు, మాస్క్ వేసుకుని, బారుగా కోసి చుట్టలు చుట్టి బయటపెట్టడం ఎవరైనా చేయొచ్చు. కూలి కూడా కొంత కలిసొస్తుంది. అయితే 1980కి ముందు కట్టిన ఇల్లయి, కింద 9 అంగుళాల చదరపు పలకలో, నల్లటి జిగురో బయటపడితే అక్కడే ఆగాలి. అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకకూడదు.

కొత్తది వేయడం దగ్గరే వీడియో మనల్ని నమ్మించి ముంచుతుంది. కార్పెట్ సాధారణంగా 12 అడుగుల వెడల్పు చుట్టగా వస్తుంది. గది అంతకన్నా పెద్దదైతే అతుకు తప్పదు. రెండు ముక్కల పోగులూ ఒకే వైపు వాలకపోతే, కిటికీ వెలుతురులో ఒకే కార్పెట్ రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత లాగి బిగించడం. గోడ వారనున్న మేకుల పట్టీకి ఒక అంచు తగిలించి, పవర్ స్ట్రెచర్ అనే పరికరంతో ఎదుటి గోడ దాకా బిగించాలి. మోకాలితో తన్నే 'నీ-కికర్' అనే పనిముట్టు ఉన్నది మూలలకూ, ఇరుకు సందులకూ. గదంతా దానితోనే కానిచ్చేస్తే ఆ రోజుకి బాగానే కనిపిస్తుంది. కొన్నాళ్ళకి నడిమధ్య ముడతలు లేస్తాయి. మా మిత్రుడి హాల్లో అలాంటి ముడత కాలికి తట్టుకుని వాళ్ళమ్మగారు పడ్డారు. ఊరి నుంచి మనవడిని చూడ్డానికి వచ్చిన మనిషి. చివరికి పనివాణ్ణి పిలిచి మళ్ళీ లాగించారు.

"నాలుగు గంటల పనికి అంత డబ్బా?" అంటారు. మనం రాసే కోడ్‌ని ఎవరైనా ఇలా గంటల్లో తూస్తే ఊరుకుంటామా? పైగా ఇది ఒంటిని అరగదీసే పని. వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్, 1990లో ఇచ్చిన హెచ్చరికలో ఒక లెక్క చెప్పింది. అప్పటికి దేశంలోని పనివాళ్ళలో కార్పెట్ వేసేవాళ్ళు 0.06 శాతం కూడా లేరు. మోకాలి గాయాల పరిహారానికి వచ్చిన దరఖాస్తుల్లో మాత్రం 6.2 శాతం వాళ్ళవే. మన పడగ్గది నున్నగా కనిపించడం వెనక ఆ మోకాళ్ళున్నాయి.

పనివాళ్ళందరూ నిఖార్సయినవాళ్ళని నేననడం లేదు. మోకాలితో నాలుగు తన్నులు తన్ని వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. అందుకే ముందే అడగండి: "పవర్ స్ట్రెచర్ తెస్తారా?" తేనంటే ఇంకొకరిని చూసుకోండి. తెస్తానన్న మనిషి దగ్గర బేరమాడకండి. ఆయన వచ్చేసరికి సామాను జరిపి, పాతది పీకేసి, నేల శుభ్రంగా ఊడ్చి ఉంచండి. ఆ మోకాళ్ళకు ఆ మేరకైనా పని తగ్గుతుంది.