సైలెన్సర్ మారిస్తే బండికి బలం రాదు

తమ్ముళ్లారా, మన తండాల పిలగాళ్లు పాత బండ్లకు సైలెన్సర్లు మార్చుడు ఎక్కువైంది. జడ్చర్ల చౌరస్తాకు రాకముందే సప్పుడు వినిపిస్తున్నది. పాత బండి ఉరకాలనే ఆశ తప్పు కాదు. కానీ సప్పుడు వేరు, బలం వేరు.

1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్ 100నే చూడుండ్రి. టూ స్ట్రోక్ బండి సైలెన్సర్‌కు ఉన్న ఉబ్బు ఊరికే పెట్టింది కాదు. పొగతో పాటు బయటికి పోయే పెట్రోలును మళ్లీ ఇంజన్‌లకు తోసేది అదే. ఖాళీ పైపు పెడితే మైలేజీ, పికప్ రెండూ పోతయి. స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్‌కు పెడితే పెరిగేది సప్పుడే.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సు ఉండదు. పోలేపల్లి కంపెనీలల్ల డ్యూటీకి బండి మీద పోయేటోళ్లు ఏం చేస్తరు?

పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోలర్‌తో తొక్కిస్తున్నరు. మరి అమ్మిన దుకాణం సంగతేంది? కొన్నోడే దొంగ, అమ్మినోడు దొర అయితే ఎట్ల? దుకాణాల మీద కూడా చర్య తీసుకోవాలని మనం గట్టిగ అడగాలె. అడిగే ముందు మన బండ్లు సక్కగుండాలె.

కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుము కింద అమ్మకుండ్రి. ఇంట్ల ఉంటే ఈ ఆదివారమే బిగించుకోండ్రి.