ఆరోగ్య ప్రకరణము: మోకాలి కీలునకు సమతూకము

వరినాట్లు వేయుట, పత్తి యేరుట, మిరపకాయలు కోయుట, పీటపై గూర్చుండి వంట చేయుట, ఇవన్నియు మోకాళ్లపై భారము మోపు పనులే. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మోకాళ్లనొప్పి యెరుగని యిల్లు అరుదు. నడువలేని స్థితి వచ్చిన పిమ్మట వరంగల్లునకో హైదరాబాదునకో పోవుదురు. అచ్చట "సెన్సారు సాయముతో కీలు మార్పిడి" యను మాట వినవచ్చును. అది యేమి? దానికొరకు మెడలోని బంగార మమ్మవలెనా? ఈ మాసమున నీ సంగతి విచారింతము.

మోకాలియందు ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. అది యరిగినచో ఎముక యెముకతో రాచుకొని నొప్పి పుట్టును. శస్త్రచికిత్సలో అరిగిన కొనలను చెక్కి, లోహపు తొడుగులు అమర్చి, నడుమ ప్లాస్టిక్ పలక నుంచుదురు.

అయితే కీలును నిలుపునది ఎముక మాత్రమే కాదు. ఇరుప్రక్కల పట్టీలవంటి సంధిబంధనములు గలవు. వైద్యులు వీనినే లిగమెంట్లందురు. ఏండ్లతరబడి కాలు దొడ్డిదారి పట్టి వంగినచో లోపలి బంధనము బిగిసి, వెలుపలిది వదులగును. నులకమంచము ఒకప్రక్క బిగిసి యొకప్రక్క జారినచో పండుకొన్నవారికి సుఖమెక్కడిది? కీలును నంతే. మిక్కిలి బిగిసిన కాలు వంగదు, వదులైనది తూలును, భార మొకవైపే పడినచో పలక త్వరగా నరుగును.

ఈ బిగువును శస్త్రవైద్యులు చిరకాలముగా చేతితో కాలును లాగి, వంచి అంచనా వేయుచున్నారు. సెన్సారు దీనిని అంకెలలో చూపును. అమెరికాలోని ఆర్థోసెన్సార్ సంస్థ "వెరాసెన్స్" అను పరికరమును నిర్మించెను. 2021లో ఆ సంస్థను స్ట్రైకర్ కొనెను. అసలు పలకకు మారుగ, సెన్సారులుగల పలకను తాత్కాలికముగ నుంచి కాలును వంచి చాచుదురు. లోపల, వెలుపల పడు బరువు తెరపై కానవచ్చును. రెంటికిని తేడా 15 పౌనులకు, అనగా సుమారు 7 కిలోలకు మించనిచో సమతూకమని యెంతురు. మించినచో బిగిసిన బంధనమును కొంచెము కొంచెముగ సడలించియో, ఎముకను మరికొంత చెక్కియో సరిచేయుదురు. పిమ్మట దానిని తీసివేసి అసలు పలక నమర్తురు. సెన్సారు శరీరములో మిగులదు.

అట్లయిన ఇది తప్పనిసరియా? కాదు. సెన్సారు వలన సమతూకము మెరుగగుచున్నది గాని, చేతితో సరిచూచినవారితో పోల్చిన పరిశోధనలలో, రెండేండ్ల పిమ్మట నొప్పియందును నడకయందును స్పష్టమైన భేదము కానరాలేదు. పరికరము వైద్యుని చేతికి తోడు మాత్రమే. అనుభవమునకు బదులు కాదు.

కావున "యంత్రమున్నదా?" యని గాక ఇట్లడుగుడు. ఈ చికిత్స మీరు ఎన్ని చేసితిరి? బంధనముల బిగువు నెట్లు సరిచూతురు? సెన్సారునకు వేరుగ నెంత? కేంద్రప్రభుత్వము 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి ధరలకు మితి విధించినది. వాడుకలోనున్న కోబాల్టు క్రోమియము కీలునకు నాడు 54,720 రూపాయలు నిర్ణయించిరి. పన్ను, ఆసుపత్రి ఖర్చు వేరు. బిల్లులో కీలు వెలను విడిగా వ్రాయించుకొనుడు. ఆరోగ్యశ్రీ వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడుగుడు.

మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. దూరప్రయాణమునకు ముందు వానికి సంబంధించిన ఆసుపత్రులలో ఎముకల వైద్యునికి చూపుకొనుట మేలు. వ్యాయామముచేతను బరువు తగ్గుటచేతను కొందరికి శస్త్రచికిత్స వాయిదా పడవచ్చును.

చికిత్స యైనచో, వైద్యుడు చెప్పిన నాటినుండియే ఊతముతో నడచుచు, తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామములు విడువక చేయవలెను. అత్తగారు మంచము దిగకుండుటయే విశ్రాంతియని కోడలు భ్రమింపరాదు. కాలు వంచుటకు చేయూత నిచ్చుటయే నిజమైన సేవ.