ఫరో లెక్కలో విశ్రాంతి లేదు

2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ తన ఉద్యోగులతో అన్న మాటలు దేశమంతటా దుమారం రేపాయి. వారానికి 90 గంటలు పని చేయాలని, ఆదివారాలు కూడా వారిచేత పని చేయించలేకపోతున్నందుకు తనకు బాధగా ఉందని ఆయన అన్నారు. అంతకుముందు 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పని చేయాలని సూచించారు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 గంటలు మించరాదని ఉత్తర్వులిచ్చింది. టీవీ చర్చలు చల్లారిపోయాయి. కానీ విశ్వాసి ముందు ఒక ప్రశ్న అలాగే మిగిలింది. ఆదివారం ఎవరిది?

ఈ ప్రశ్న ఐగుప్తులోనే పుట్టింది. అరణ్యానికి వెళ్లి మా దేవుణ్ణి ఆరాధిస్తాం, పంపించమని ఇశ్రాయేలీయులు అడిగితే, మీరు సోమరులు గనుకనే అలా అడుగుతున్నారని ఫరో గద్దించాడు. గడ్డి ఇవ్వడం మానేశాడు గానీ ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు (నిర్గమ 5:6-18). ఫరో దృష్టిలో ఆరాధన అంటే పని ఎగ్గొట్టడమే. అటువంటి యజమాని చేతిలోనుండి విడిపించిన ప్రజలకు దేవుడు విశ్రాంతిదినాన్ని ఇచ్చాడు. మీరు దాసులుగా ఉన్న సంగతి మరచిపోవద్దు, మీ దాసుడు, దాసి కూడా మీలాగే విశ్రమించాలని కారణం కూడా చెప్పాడు (ద్వితీ 5:12-15). విశ్రాంతిదినం విడుదలకు గురుతు. దాన్ని పోగొట్టుకున్నవాడు కానానులో ఉన్నా ఐగుప్తులో ఉన్నట్టే.

మన దేశంలో ఆదివారపు సెలవు దొరలు దయతలచి ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆ సెలవు ఊరికే రాలేదు. జోతిరావు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి వారి పక్షాన పోరాడగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. లోఖండే క్రైస్తవుడు కాడు. అయినా విశ్రాంతిదినాజ్ఞలోని న్యాయం ఆయన పోరాటంలో కనబడుతుంది. ఆ సెలవు విలువ ఏమిటో నేటి లెక్కలు కూడా చెబుతున్నాయి. వారానికి 55 గంటలు, అంతకుమించి పని చేయడం మూలంగా వచ్చిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి.

ఇంతవరకు యజమానుల సంగతి. మరి మన సంగతి?

కొంతకాలం క్రితం ఒక ఆదివారం నేను ఇదే ఆజ్ఞ మీద ప్రసంగించాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బంధువులు రావడంతో ఫోన్‌లో బిర్యానీ తెప్పించాం. తెచ్చిన కుర్రాడు చెమటతో తడిసి ఉన్నాడు. నా చేతిలోని బైబిలు చూసి, ''వందనాలండీ అయ్యగారూ, మేమూ విశ్వాసులమే. ఊళ్లో ఉన్నప్పుడు చర్చిలో డోలక్ వాయించేవాణ్ణి'' అన్నాడు. ఇక్కడ ఏ సంఘానికి వెళ్తున్నావు నాయనా అని అడిగాను. ''ఆదివారమే ఆర్డర్లు ఎక్కువండీ. నాలుగు నెలలైంది ఆరాధనకెళ్లి'' అని చెప్పి, మరో ఆర్డరు ఉందంటూ వెళ్లిపోయాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ప్రసంగం ముగించి గంటయినా కాలేదు. నా భోజనం కోసం ఒక సహోదరుడు ఎండలో పరుగెత్తుతున్నాడు.

నిర్గమకాండం 23:12లో ఒక అందమైన సంగతి ఉంది. ఎద్దు, గాడిద విశ్రమించాలి. దాసి కుమారుడు, పరదేశి సేదదీరాలి. సేదదీరడానికి అక్కడ వాడిన హెబ్రీ మాటకు ఊపిరి పీల్చుకోవడమనే భావం ఉంది. సృష్టికార్యం ముగించిన దేవుని గురించి నిర్గమ 31:17లో వాడింది కూడా ఆ మాటే. సృష్టికర్తకూ దాసి కుమారునికీ ఒకే మాట! ఆత్మీయ ఉజ్జీవం కోసం మనం పెద్ద పెద్ద సభలు పెడతాం, మైకులు కడతాం, దూరం నుంచి ప్రసంగీకులను పిలుస్తాం. దేవుడు మాత్రం వారం వారం ఊపిరి పీల్చుకునే ఒక దినాన్ని మన గుమ్మం ముందు ఉంచాడు. ఆ ఊపిరిని మన కింద పని చేసేవారితో పంచుకోమన్నాడు. ఒకరి ఊపిరి ఆపి మనం పొందే ఉజ్జీవం ఆయనకు ఇష్టం కాదు.

ప్రభువు కూడా ఇదే చూపించాడు. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని విశ్రాంతిదినాన సమాజమందిరంలోనే నిలబెట్టాడు. పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి స్వస్థత పొందండని మందిరపు అధికారి కోపపడ్డాడు (లూకా 13:10-17). వంగిన నడుము లేవడమే విశ్రాంతిదినపు అసలు పని అని అతనికి అర్థం కాలేదు.

నర్సులు, పోలీసులు, బస్సు డ్రైవర్లు ఆదివారం డ్యూటీ చేయక తప్పదు. వారిని నిందించడానికి ఇది రాయడం లేదు. వారి కోసం సాయంత్రమో, వారం మధ్యలోనో మరో ఆరాధన పెట్టడం సంఘం బాధ్యత. మిగిలిన మనం చేయగలిగినవి చిన్నవే. పనిమనిషికి జీతం కోయకుండా ఆదివారం సెలవిద్దాం. కింది ఉద్యోగికి ఆ రోజు ఆఫీసు మెసేజీ పంపడం మానేద్దాం. దుకాణం యజమాని అయిన విశ్వాసి పనివారికి వారానికో రోజు తప్పక ఇవ్వాలి. ఆరాధన కాగానే కమిటీ మీటింగులతో రోజంతా నింపే మా పాస్టర్లం కూడా మారాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారానికి శనివారం రాత్రే పులిహోర కలుపుతున్నాం. బంధువులు వచ్చినా అదే.

ప్రయాసపడి భారం మోసేవారిని ప్రభువు తన దగ్గరికి పిలిచాడు (మత్తయి 11:28). వచ్చే ఆదివారం మందిరానికి బయలుదేరేముందు ఒక్క క్షణం ఆగి, మన కారణంగా ఆ పిలుపు వినలేకపోతున్నవారు ఎవరైనా ఉన్నారేమో చూద్దాం. ఆ ఒక్కరికి విడుదల ఇచ్చి ఆరాధనకు వెళ్దాం. వీలైతే ఆయన్నీ, ఆమెనూ వెంటబెట్టుకుని వెళ్దాం.