లాఠీ పట్టినవానికి నోరు వుండకూడదా?

2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు పటాలాల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. మా వేములవాడకు పొరుగునే వున్న సిరిసిల్ల 17వ పటాలంలో కానిస్టేబుళ్లే బైఠాయించారు. వాళ్లు అడిగిందేమిటి? సెలవుల నిబంధన మార్చవద్దని, ఏళ్ల తరబడి ఇల్లు విడిపించి వూరూరా తిప్పవద్దని, పోలీసులందరికీ ఒకే విధానం పెట్టమని. 26వ తేదీన 39 మందిని సస్పెండు చేశారు. మరునాడు 10 మందిని, విచారణ తతంగమైనా లేకుండా, రాజ్యాంగం 311వ అధికరణంలోని మినహాయింపు కింద డిస్మిస్ చేశారు.

మన మిత్రుల్లో కొందరు పెదవి విరిచారు. విద్యార్థుల వీపులు పగలగొట్టినవాళ్లే కదా, అనుభవించనీ అన్నారు. ఆ కోపం నాకు తెలియనిది కాదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నేల ఇది. ఖాకీ చొక్కా అంటే ఏమిటో ఇక్కడి తల్లులకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని కోపాన్ని సిద్ధాంతం చేసుకోలేం. శివరాత్రి జాతరకు రాజన్న గుడి దగ్గర బందోబస్తుకు వచ్చి, అర్ధరాత్రి దాటాక అరుగుల మీద కునికే కానిస్టేబుళ్లలో నేను పాఠం చెప్పినవాళ్లున్నారు. మగ్గం కార్మికుల బిడ్డలు, కౌలు రైతుల బిడ్డలు.

1966 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసు కార్మిక సంఘంలో చేరితే రెండేళ్ల దాకా జైలు. 1979లో బొకారోలో పారిశ్రామిక భద్రతా దళం ఆందోళనకు దిగితే సైన్యాన్ని దింపి కాల్పులు జరిపించారు. అనుమతి పొందిన సంఘాలున్నాయి కదా అంటారు. వున్నాయి, విన్నపాలు చేసుకోవడానికి. బేరమాడే హక్కు లేని సంఘం వినతిపత్రాలు మోసే బంట్రోతు మాత్రమే.

పాలకుల నాలుకలకు నరం లేదు. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు, కార్మికులు తమంతట తామే వుద్యోగాలు పోగొట్టుకున్నారని తెరాస ప్రభుత్వం అన్నది. కాంగ్రెసు కార్మికుల పక్షం వహించింది. 2024లో కాంగ్రెసు డిస్మిస్ చేసింది, పేరు మార్చుకున్న ఆ పార్టీ కానిస్టేబుళ్ల కోసం కన్నీరు కార్చింది.

గట్టి ఆక్షేపణ ఒకటుంది. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో గవర్నరు వాకర్ ఉపాధ్యాయుల బేరసారాల హక్కును కత్తిరించి, పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మాత్రం మినహాయించాడు. ఆ దేశంలో అనేక నగరాల పోలీసు సంఘాలు దుష్ప్రవర్తన విచారణలకు అడ్డుగోడలను ఒప్పందాలలోనే రాయించుకున్నాయి. మనకూ అదే గతి పట్టదా? పట్టకూడదు. అందుకే గీత స్పష్టంగా గీయాలి. జీతం, సెలవు, పనిగంటలు, వసతి బేరానికి వస్తాయి. పౌరుడి ప్రాణం బేరానికి రాదు. లాకప్పు మరణంపై విచారణ ఏ సంఘం చేతిలోనూ వుండరాదు.

అయితే సంఘం లేనందువల్ల మన లాకప్పులు భద్రంగా వున్నాయా? తన సెలవు గురించి నోరెత్తలేని కానిస్టేబులు, అధికారి అక్రమంగా కొట్టమంటే కాదనగలడా? అతని మౌనమే పాలకవర్గం చేతిలో లాఠీ.

కనుక 1966 చట్టాన్ని సవరించాలనీ, కోర్కెలు అడిగినవారిపై 311వ అధికరణపు మినహాయింపును ప్రయోగించరాదనీ మన అధ్యాపక, విద్యార్థి సంఘాలు తీర్మానించాలి. రేపు మన వూరేగింపుకు ఆ కానిస్టేబులే అడ్డు నిలవవచ్చు. అప్పుడు అతన్ని ఎదిరిద్దాం. ఇవాళ మాత్రం అతని పక్కన నిలబడదాం.