ఫెదరర్‌కి మట్టి చేతకాదన్నదెవరు?

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర టెన్నిస్ మాట వచ్చింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు. మంచివాడే పాపం, కాకపోతే టెన్నిస్ అంటే వాడికి హైలైట్సే. పెరుగన్నం కలుపుకుంటూ తీర్పిచ్చేశాడు. "ఫెదరర్ గొప్పోడే గానీ మట్టి మీద వేస్ట్ బాస్. నడాల్‌తో 14-2. ఇంకేం మాట్లాడతావ్?"

నేను నోరు తెరిచేలోపు మీటింగ్ టైమైపోయింది. ఆ గంటసేపు క్లయింట్ ఏమడిగాడో, మేమేం ఒప్పుకున్నామో నాకైతే గుర్తులేదు. బుర్రలో 14-2 ఒక్కటే తిరుగుతోంది. అప్పుడు మింగేసిన మాటలన్నీ ఇప్పుడు కక్కేస్తున్నా, కాస్త ఓపిక పట్టండి.

ముందు లెక్కలు ఒప్పేసుకుంటాను. 2004 నుంచి 2019 దాకా వీళ్ళిద్దరూ 40 సార్లు తలపడ్డారు. నడాల్ 24 గెలిచాడు, ఫెదరర్ 16. అందులో మట్టి మీద ఆడినవి 16, వాటిలో నడాల్‌వి 14. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆరుసార్లు ఎదురుపడితే ఆరూ నడాల్‌వే. ఒక్క అంకె కూడా తప్పు కాదు. కానీ డేటా కరెక్టయినంత మాత్రాన దాని మీద కట్టిన రిపోర్టు కరెక్టవ్వాలని ఎక్కడా లేదు. ఈ సంగతి మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా?

రెండు సర్వర్లున్నాయనుకోండి. ఒకటి రాత్రీ పగలూ లోడు మోస్తోంది, లాగ్‌లో పద్నాలుగు ఎర్రర్లున్నాయి. రెండోది పొద్దున్నే పడిపోయింది, లేవనే లేదు, లాగ్ శుభ్రంగా ఖాళీ. ఎర్రర్లు తక్కువున్నాయి కాబట్టి రెండోదే మంచి సర్వర్ అని ఎవరైనా అంటే మేనేజర్లు కూడా నవ్వుతారు (అవును, మేనేజర్లే!). 14-2 అని ఊదరగొట్టేవాళ్ళు చేసేది సరిగ్గా అదే పని.

ఎందుకంటే మట్టి మీద నడాల్ చేతిలో ఓడిపోవాలన్నా ముందు నడాల్ దాకా వెళ్ళాలి కదా. ఆ 16 మ్యాచుల్లో 13 ఫైనల్స్, మిగిలిన మూడూ సెమీఫైనల్స్. అంతకంటే ముందు రౌండులో ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే 16 సార్లు ఫెదరర్ మిగతా మట్టి వీరులందర్నీ దాటుకుని ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. 2005 నుంచి 2008 వరకు నాలుగేళ్ళలో ఫ్రెంచ్ ఓపెన్‌లో అతన్ని ఓడించినవాడు ప్రపంచం మొత్తమ్మీద ఒకే ఒక్కడు. మొదటిసారి సెమీస్‌లో, తర్వాత వరుసగా మూడు ఫైనల్స్‌లో. 'మట్టి చేతకానివాడి' రికార్డు ఇలా ఉంటుందా?

పీట్ సాంప్రస్ సంగతి చూడండి. వింబుల్డన్ ఏడుసార్లు గెలిచిన మహానుభావుడు. ఫ్రెంచ్ ఓపెన్‌లో అతను ఎంత దూరం వెళ్ళాడంటే 1996లో ఒక్కసారి సెమీఫైనల్, అంతే. ఫైనల్‌కే రాలేదు గనక అక్కడ ఫలానావాడు నిన్ను ఆరుసార్లు చితక్కొట్టాడని ఎత్తిపొడిచే అవకాశమే అతనెవరికీ ఇవ్వలేదు. లాగ్ ఖాళీ అన్నమాట.

ఇక యుఎస్ ఓపెన్. ఈ ఇద్దరూ న్యూయార్క్‌లో ఎన్నిసార్లు ఆడారో తెలుసా? సున్నా. 2004 నుంచి 2008 దాకా ఫెదరర్ అక్కడ వరుసగా ఐదుసార్లు గెలిచాడు. ఆ రోజుల్లో నడాల్ 2005లో బ్లేక్ చేతిలో, 2006లో యూజ్నీ చేతిలో, 2007లో ఫెరర్ చేతిలో దారిలోనే ఆగిపోయాడు. ఫెదరర్ మంచి ఊపులో ఉన్న ఆ ఏళ్ళలో ఆ హార్డ్ కోర్టు మీద నాలుగైదు ఫైనల్స్ పడుంటే మొత్తం లెక్క ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2010, 2011లలో నడాల్ ఫైనల్‌కి వస్తే ఫెదరరే సెమీస్‌లో జొకోవిచ్ మీద రెండేసి మ్యాచ్ పాయింట్లు వదిలేసి ఇంటికెళ్ళాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సరే, మరి మట్టి మీద అంత బాగా ఆడేవాడు ఆ ఒక్కడి దగ్గరే ఎందుకు ఆగిపోయాడు? మనం ఎర్రమట్టి అంటాం గానీ రోలాండ్ గారోస్‌లో ఉన్నది మట్టి కాదు, ఇటుక పొడి. కింద సున్నపురాయి పొర, దాని మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన ఎర్రటి పొడి. బంతి ఆ పొడిని గీరుకుని వేగం కోల్పోతుంది, పైకి లేస్తుంది. దానికి నడాల్ ఎడమచేతి టాప్‌స్పిన్ తోడైతే బంతి ఫెదరర్ భుజాల ఎత్తుకి, అదీ సరిగ్గా బ్యాక్‌హ్యాండ్ వైపుకి వస్తుంది. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఉన్నవాడైతే దాన్ని ఎలాగో కిందికి అదిమేస్తాడు. ఒంటిచేత్తో కొట్టేవాడికి భుజం మీది బంతి అంటే నిచ్చెన లేకుండా అటక మీద బిందె దించడమే. సర్వ్ కూడా అంతే, ఎడమచేతివాటం వాడు కనక ముఖ్యమైన పాయింట్ల దగ్గర బంతిని కోర్టు బయటికి, మళ్ళీ ఆ బ్యాక్‌హ్యాండ్‌కే పంపేవాడు. నాలుగు గంటల పాటు ఒకే చోట గుచ్చుతుంటే ఎంత పెద్ద ఆటగాడికైనా చెయ్యి మొరాయిస్తుంది. ఇందులో ఫెదరర్ మట్టి ఆట లోపం కంటే ఇద్దరి ఆటలు కలిసిన తీరులో ఉన్న తిరకాసే ఎక్కువ.

అలాగని తప్పంతా ఇటుక పొడి మీదికి నెట్టేస్తే నేను కూడా ఆ కుర్రాడి లాంటివాణ్ణే అవుతాను.

2006 రోమ్ ఫైనల్ చూశారా? ఐదు గంటల ఐదు నిమిషాలు. ఐదో సెట్లో ఫెదరర్ 4-1 మీదున్నాడు. తర్వాత 6-5 దగ్గర నడాల్ సర్వ్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి. రెండూ ఫోర్‌హ్యాండ్‌తో పోగొట్టుకున్నాడు. బ్యాక్‌హ్యాండ్ కాదండీ, ఫోర్‌హ్యాండ్! ప్రపంచంలోకెల్లా అందమైన ఆయుధమని మనమంతా చెప్పుకునే ఆ ఫోర్‌హ్యాండ్‌తోనే. ఆఖరి టైబ్రేక్‌లో 5-3 మీదుండి అదీ పోగొట్టాడు. నా లెక్కలో ఈ పోటీ మట్టి మీద ఎటు పోవాలో తేలిపోయింది ఆ రోజే. అది గెలిచి ఉంటే కొద్దివారాల్లో పారిస్‌కి వేరే ఫెదరర్ వెళ్ళేవాడు. వెళ్ళినవాడు మొదటి సెట్ 6-1తో గెలిచి, రెండోది అదే 6-1తో పోగొట్టుకుని, నాలుగు సెట్లలో ఓడిపోయాడు. మరుసటేడు, అంటే 2007 ఫైనల్లో 17 బ్రేక్ పాయింట్లు వస్తే ఒక్కటి అందుకున్నాడు. 17కి 1! దీనికి టాప్‌స్పిన్‌ని తిట్టి లాభం లేదు. ఇది గుండెకి సంబంధించిన వ్యవహారం.

2008 గురించి రాయను. 6-1, 6-3, 6-0. ఆ మూడో సెట్ మధ్యలో మా ఇంట్లో టీవీ నేనే కట్టేశాను.

ఇంకో మొండితనం రాకెట్. నడాల్ చేతిలో ఉన్నది వంద చదరపు అంగుళాలది. ఫెదరర్ 90 అంగుళాల దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి వేలాడాడు. 97 అంగుళాల దానికి స్థిరంగా మారింది 2014లో. ఆ తర్వాత ఏమైందో చూడండి. 2017లో బ్యాక్‌హ్యాండ్‌ని వెనక్కి తగ్గకుండా, బంతి పైకి లేవకముందే బల్లపరుపుగా కొట్టడం మొదలెట్టాడు. ఆ ఒక్క ఏడాదిలో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఇండియన్ వెల్స్, మయామీ, షాంఘై, నాలుగుచోట్ల నడాల్‌ని ఓడించాడు. నడుస్తున్న కోడ్ ముట్టుకోవడానికి మనం ఎలా భయపడతామో ఇదీ అంతే. గెలుస్తున్నన్నాళ్ళూ మార్చడు, మార్చేసరికి వయసు 35.

ఇప్పుడు నా పార్టీ వాళ్ళ సంగతి. మనవాళ్ళు అందరికంటే ఘోరం. "మట్టి తీసేస్తే ఫెదరర్‌దే 14-10 పైచేయి" అంటారు. ఎందుకు తీసేయాలండీ? ఫెయిలైన టెస్ట్ కేసులు తీసేస్తే మా మాడ్యూల్ కూడా వంద శాతం పాసే. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో ఒకటి ఆ ఎర్ర పొడి మీదే ఆడతారు. దాన్ని లెక్కలోంచి కొట్టేస్తే అవమానం నడాల్‌కి కాదు, ఫెదరర్‌కే. అతని మొత్తం జీవితంలో మట్టి మీద గెలిచిన టైటిళ్ళు 11, పారిస్‌లో ఆడిన ఫైనల్స్ అయిదు. వాటన్నిటినీ మనమే చెత్తబుట్టలో వేసేస్తున్నామన్నమాట.

రెండు గెలుపుల విషయంలోనూ మనవాళ్ళవి కోతలే. 2007 హాంబర్గ్‌లో 2-6, 6-2, 6-0తో గెలిచి, మట్టి మీద నడాల్ 81 మ్యాచుల జైత్రయాత్రని ఆపాడు. గొప్పే, కాదనను. కానీ అప్పటికి నడాల్ మాంటేకార్లో, బార్సిలోనా, రోమ్ గెలిచి వచ్చి ఉన్నాడు. 2009 మాడ్రిడ్ ఫైనల్ 6-4, 6-4. ముందురోజు నడాల్ జొకోవిచ్‌తో నాలుగు గంటల పైన ఆడి, మూడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని వచ్చాడు. పైగా మాడ్రిడ్ సముద్రమట్టానికి 650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బంతి గాల్లో జోరుగా పోతుంది. అలిసిపోయిన నడాల్‌ని మూడు సెట్ల మ్యాచ్‌లో ఓడించడం వేరు, పారిస్‌లో రెండు వారాలు రొటీన్‌గా నడిచి ఫైనల్‌కి వచ్చిన నడాల్‌ని అయిదు సెట్లలో ఓడించడం వేరు. అక్కడ అతని మొత్తం రికార్డు 112 గెలుపులు, 4 ఓటములు, 14 టైటిళ్ళు. ఆ నాలుగూ సోడర్లింగ్ ఒకటి, జొకోవిచ్ రెండు, 2024లో జ్వెరెవ్ ఒకటి. నన్నడిగితే ఫెదరర్ మంచి ఫామ్‌లో ఉన్న ఏడు కూడా పారిస్‌లో నడాల్ మీద అతని అవకాశం పదింట రెండుకి మించదు. అన్నిటికంటే దగ్గరికొచ్చింది 2011లో. మొదటి సెట్ 5-2, సెట్ పాయింట్ కూడా వచ్చింది. డ్రాప్ షాట్ వేశాడు. కాస్తలో బయటపడింది. సెట్టు 7-5 నడాల్‌ది.

2009 టైటిల్‌ని 'సోడర్లింగ్ దానం' అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర ఓపిక లేదు. మే 31న సోడర్లింగ్ నడాల్‌ని ఓడించాడు. మర్నాడే ఫెదరర్ కోర్టులోకొచ్చి హాస్ చేతిలో రెండు సెట్లు పోగొట్టుకున్నాడు. ఊరంతా 'ఇక నీదే' అంటుంటే ఆడటం ఎంత కష్టమో చూడాలంటే ఆ మ్యాచ్ చూడాలి. మూడో సెట్ 3-4, 30-40. అక్కడ సర్వ్ పోతే హాస్ మ్యాచ్ కోసం సర్వ్ చేస్తాడు. ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ మూలకి జరిగి ఫోర్‌హ్యాండ్‌తో అడ్డంగా ఒకటి లాగాడు, గీత దగ్గర పడింది. మూడేళ్ళ కింద రోమ్‌లో మోసం చేసిన ఆ ఫోర్‌హ్యాండే. తర్వాత సెమీస్‌లో డెల్ పోత్రోతో మళ్ళీ అయిదు సెట్లు. దానంగా వచ్చిందానికి ఎవరైనా ఇంత చెమటోడుస్తారా?

నాకు ఫెదరర్ మీద నిజంగా కోపం ఉన్నది ఒక్క విషయంలోనే, 2017, 2018. బ్యాక్‌హ్యాండ్ చక్కబడి, నడాల్‌ని వరుసగా ఓడిస్తూ, సరిగ్గా అప్పుడే రెండేళ్ళు మట్టి సీజన్ మొత్తం మానేశాడు. 2017లో దానికి ఫలితం దక్కింది, ఒక్క సెట్టు పోకుండా వింబుల్డన్ గెలిచాడు. 2018లో విశ్రాంతి తీసుకున్నా అక్కడ ఆండర్సన్ చేతిలో రెండు సెట్ల ఆధిక్యం, మ్యాచ్ పాయింట్ పోగొట్టుకుని ఓడాడు. ముప్పయ్యయిదు దాటిన మోకాళ్ళు, నాకూ తెలుసు. 2017 ఫ్రెంచ్ ఓపెన్‌లో నడాల్ ఒక్క సెట్టు కూడా ఇవ్వలేదు, వెళ్ళినా ఓడిపోయేవాడేమో. అయినా సరే, ఆ కొత్త బ్యాక్‌హ్యాండ్ ఆ పాత మట్టి మీద ఎలా ఉండేదో చూసే హక్కు మాకు లేకుండా చేశాడు.

చివరికి 2019లో వచ్చాడు. అప్పటికి వయసు 37, పారిస్‌లో ఆడి నాలుగేళ్ళు. సెమీస్ దాకా వెళ్ళాడు. అటువైపు ఎవరొస్తారో డ్రా తీసిన రోజే తెలుసు. విపరీతమైన గాలి, ఇటుక పొడి కళ్ళల్లో పడుతోంది, 6-3, 6-4, 6-2. ఆ 14లో పద్నాలుగోది అదే. ఆ వయసులో ఆ ఓటమికి దూరంగా ఉండటం ఎంత తేలికో ముందు రెండేళ్ళూ చేసి చూపించాడు కదా, అయినా వచ్చాడు.

మా కుర్రాడికి రోమ్ 2006 మ్యాచ్ మొత్తం చూడమని చెప్పాను. రెండో సెట్లో ఉన్నాడట. "ఇదింకా ఎంతసేపు బాస్?" అని నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు.